ఉత్తుత్తి చావు

పదకొండు దాటితే నాన్యూకీలో గాలి పలచబడుతుంది,
నీళ్ళు కలిపిన పాలలా.
ఆరు వేల అడుగుల ఎత్తున ఉన్న రన్‌వే మాది.
రెక్కకి పట్టు చిక్కదు,
ప్రొపెల్లరుకి నమలడానికేమీ దొరకదు.

నేను మెకానిక్కుని. ముతుమా అంటారు.
హ్యాంగరు నీడలో పనిముట్ల పెట్టె మీద కూర్చుని
చెవులతో చూస్తుంటాను.

పైన పాత ఆజ్‌టెక్. కుడి సీట్లో బరాసా మాస్టారు,
ఎడమ సీట్లో నసియేకు, ఇరవై మూడేళ్ళ పిల్ల.
నిన్న ఆయన చెబుతుంటే విన్నాను:
"ఏ కాలు ఖాళీగా ఉందో ఆ వైపు ఇంజను పోయినట్టు.
కంగారులో బతికున్నదాన్ని చంపకు."
బల్ల కింద ఆమె పాదాలు కదిలాయి,
కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

రెండు గొంతులు ఒకటై వస్తున్నాయి.
ఉన్నట్టుండి ఎడమది తగ్గింది.

మాస్టారు లీవరు లాగితే వచ్చే నిశ్శబ్దమూ
పిస్టను పగిలితే వచ్చే నిశ్శబ్దమూ
కింద నించుంటే ఒకటే.

మూడేళ్ళ కిందట ఒడెరో
నిజంలా ఉండాలని ఇంధనమే కోసేశాడు,
మూడు వందల అడుగుల్లో.
చక్రాలు దిగి ఉన్నాయి, ఫ్లాపులు దిగి ఉన్నాయి,
రన్‌వే మీద ఒక జీబ్రా.
లేపబోయాడు.
వేగం చాలక చుక్కాని చేతులెత్తేసింది.
బతికున్న ఇంజనే
చచ్చినదాని మీదికి విమానాన్ని తిరగేసింది.
అవతల గోధుమ చేలో
కోతకొచ్చిన కంకులు.

ఆ ఎడమ ఇంజను విప్పింది నేనే.
వాల్వులు, ప్లగ్గులు, పంపు.
ఏ లోపమూ లేదు.
రిపోర్టులో అదే రాశాను,
ఆ ఒక్క వాక్యం రాయడానికి రాత్రంతా పట్టింది.

బరాసా మాస్టారు పూర్తిగా ఆపరు,
పిడికెడు ప్రాణం ఉంచుతారు.
నాలుగొందల అడుగుల కింద ఆటలొద్దంటారు.
తెలుసు. అయినా లెక్కపెడుతున్నాను.
ఏడు. ఎనిమిది.
ముక్కు కాస్త దించింది, మంచిది.
పదకొండు.

ఎడమ గొంతు తిరిగొచ్చింది.
నా చేతిలో స్పానరు చెమటతో జారింది.

దిగింది. తలుపు ఒకటే, కుడి రెక్క మీదుగా,
ముందు మాస్టారు, వెనక ఆమె.
నేల మీద నిలబడి నవ్వబోయింది.
కుడి కాలు వణుకుతోంది,
ఆపుదామన్నా ఆగడం లేదు.

ఆ కాలే పనిచేసింది, అన్నాను.
పనిముట్ల పెట్టె మీద చోటిచ్చి
ఆయిలు చూడ్డానికి వెళ్ళాను,
ముందు ఎడమది.