ఖర్చు పద్దు: బేరిపండ్లు

మిల్వాకీలో నది ఒడ్డున
ఒకప్పుడు తోలు గోదాము, తర్వాత జీల్కే గ్యాలరీ,
ఇప్పుడు నా బల్ల మీద నలభై ఒక్క పెట్టెలు.

లోర్నా జీల్కే ఏదీ పారేసే మనిషి కాదు.
మాడిన బల్బు మార్చినందుకు కుర్రాడికిచ్చిన
రెండు డాలర్ల చీటీ కూడా దాచింది.
ముప్పై మూడేళ్ళు
ఉన్నదున్నట్టు గీసేవాళ్ళ బొమ్మలే అమ్మింది.
ఊరంతా రంగు చిమ్మి, గుడ్డ చింపి
ఇదే కళ అంటున్న రోజుల్లో
ఈమె గోడల నిండా సింకులు, రేడియేటర్లు,
మంచు కరిగి బురదైన సందులు.
అమ్ముడు పోయాయా అంటే, పోయాయి. మెల్లగా.
అద్దె బకాయిల ఫైలు వేరే ఉంది, అది లావు.

నా పని తేలిక.
తుప్పు పట్టిన పిన్నులు పీకాలి,
ఆమ్లం లేని అట్టల్లో సర్దాలి,
పెన్సిలుతో మాత్రమే అంకె వెయ్యాలి.
చదవకూడదని ఎవరూ అనలేదు.

పన్నెండో పెట్టె, 1978,
కాజిమిర్ వ్రోబెల్ ఖాతా.
సెప్టెంబరు 14, బేరిపండ్లు, మూడు.
సెప్టెంబరు 21, బేరిపండ్లు, నాలుగు.
ఆపైన ప్రతి గురువారం.
నవంబరు దాటేసరికి ధర రెండింతలు,
అంచున లోర్నా చేతిరాత:
"ఈయనకి ఇంకా ఎన్ని కావాలి?"
నేనే కూడాను. అరవై మూడు.

మధ్యలో వ్రోబెల్ ఉత్తరం, రెండే వాక్యాలు:
"యాపిల్ అయితే నిలవుంటుంది అన్నావు.
నిలవుండేదానికి నేనెందుకు?"
లోర్నా జవాబు ఏ పెట్టెలోనూ దొరకలేదు.
ఆ మరుసటి గురువారం పద్దు మాత్రం ఉంది:
బేరిపండ్లు, అయిదు.

స్లైడు దీపానికెత్తి చూశాను.
కిటికీ గట్టు మీద ఒకే ఒక్క పండు.
తొడిమ పక్కన గోటి గాటు,
పొట్ట మీద ఇంకా పసరు వదలని మచ్చ.
కళ్ళకు కట్టినట్టుంది అంటాం కదా,
ఆ కట్టుకి ఎన్ని ముడులో ఇక్కడ లెక్క ఉంది.
తొడిమ సెప్టెంబరుది.
నీడ అక్టోబరు చివరిది, అంత పొడుగు సాగింది కాబట్టి.
మెత్తబడబోతున్న ఆ బుగ్గ ఏ వారానిదో
చెప్పలేను.
ఈ పండు ఏ కొమ్మకీ కాయలేదు.

మరి మిగిలినవి?
అదే కవరులో, మెట్లు తుడిచే మిసెస్ ఓడెగార్డ్ చీటీ:
"పండ్లు అందాయి. జామ్ చేశాను.
ఈ వారం మరీ చివికిపోయాయి,
రెండు రోజులు ముందే వదలమనండి ఆయన్ని.
పిల్లలకి ఇష్టం."
కాగితం మూల పట్టుకుంటే
వేలికి ఇప్పటికీ కాస్త జిగురు.
నా ఫారంలో ఒక గడి ఉంది, మరకలు: ఉన్నవి, లేనివి.
ఉన్నవి.

బొమ్మ కొన్నది వాకెషా ఊరి పళ్ళ డాక్టరు,
పదకొండు వాయిదాల్లో.
తొమ్మిదో వాయిదా ఆలస్యం, క్షమాపణతో.
తర్వాత విడాకులు, బొమ్మ ఆమె వాటాకి;
తర్వాత ఆమె ఇంట్లో సామాను వేలం,
కుర్చీలతో పాటు ఒకే చీటీ కింద.
ఆపైన ఏమీ లేదు.
"ప్రస్తుతం ఎక్కడుందో తెలియదు" అనడానికి
మాకో రబ్బరు ముద్ర ఉంది. వేశాను.

సాయంత్రం పెట్టె మూసేముందు
కార్డు మీద అడిగినవన్నీ నింపాను:
నూనె రంగులు, గుడ్డ, పద్దెనిమిది అంగుళాలు బై పద్నాలుగు.
అరవై రెండు పండ్లకి గడి లేదు.
చివర్న, గమనిక అన్న చోట
"జామ్ కూడా చూడుము" అని రాశాను.
బ్రాండ్‌వోల్డ్ గారు సోమవారం వస్తుంది,
ఇలాంటివి రబ్బరుతో చెరిపేస్తుంది.
తెలుసు.
అందుకే కాస్త నొక్కి రాశాను.