దొంగ కనెక్షన్లు

సిత్రాల పదకొండేండ్లు పైపులు బిగించిన.
ఏ వాల్వు ఎక్కడ ఏడుస్తదో
చెయ్యి ఆనిస్తే తెలుస్తది నాకు.
నా ఎడమ కన్ను సంగతే తెలవలేదు.

చలికాలం ఒక పొద్దున
ఆ కంటికి బూడిద పరదా పడ్డది.
నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని
క్యాంపుల ఎవడు రోగమంటడు?
సిమెంటు దుమ్మనుకున్న. నీళ్లు కొట్టుకున్న.
బస్సెక్కిన.

అటు ఇటుగ వంద రోజులు.
కన్ను నిప్పైంది, వాంతులైనయి,
బల్బు చుట్టూ రంగుల చక్రాలు,
కణతను పట్టి ఎవడో రెంచీ తిప్పుతున్నట్టు.
రాజనర్సు బకాలా నుంచి ఐసు తెచ్చి పెట్టిండు.
తెల్లారినంక గాని ఫోర్‌మన్ వ్యాన్ పంపలే.

డాక్టరమ్మ కంట్లకు వెలుగు కొట్టి
చాలాసేపు ఊకున్నది.
ప్రెషర్ యాభై ఎనిమిదన్నది మలయాళీ నర్సు.
ఎంతుండాలె? ఇరవై దాటొద్దు.
ఆ లెక్క నాకు విడమర్చి చెప్పే పని లేదు.

మిగిలింది చెప్పింది, హిందీల, మెల్లగ:
వెనక తెర నుంచి రక్తం మళ్లే నరం
ఎప్పుడో పూడుకపోయిందట.
ఊపిరాడక తెర మొత్తుకున్నదట.
ఆ కేక విని కొత్త నరాలు మొలిచినయట,
కేక పెట్టిన చోటికే చేరక
ముందటికొచ్చి, నల్లగుడ్డు ఉంగరం మీద పాకి,
నీళ్లు దిగే మూలల జాలీకి అడ్డం పడ్డయట.

దొంగ కనెక్షన్లు, అన్న.
నర్సుకు సమజ్ కాలే.
పిలుపు విన్నయి, వచ్చినయి,
వచ్చినకాడ పనేందో అడగలే.
వాటిని తిట్టబుద్ధి కాలేదు నాకు.

షుగర్ ఎన్నేండ్ల సంది?
ఏడు. కాదు, దొరికిననాటి సంది ఏడు.
గోలీలు ఊరి నుంచి తెచ్చుకున్నయి
దసరాకే ఒడిసినయి.
బీపీ ఉన్నదని ఆడికి పోయినంకనే తెలిసింది.
సిగరెట్? నవ్విన.
కంటి పరీక్ష ఎప్పుడైంది?
వీసా మెడికల్ల, గోడ మీది అక్షరాలు.
అన్నీ చదివిన. పాసైన.

సూది వేసిండ్రు, కంటిలకే.
లేజర్ కొట్టాలన్నరు.
పోయిన చూపు రాదు, నొప్పి తగ్గుతది,
కుడిదాన్నన్న కాపాడుకో అన్నది డాక్టరమ్మ,
నా సీపీఆర్ కార్డు తిరిగిస్తూ.

రాత్రి రూముల పన్నెండు మందిని
వరుసగ కూసోబెట్టిన.
ఒక కన్ను మూయి, గడియారం చదువు.
ఒక్కొక్కడు నవ్వుకుంట చదివిండు.
రాజనర్సు ఎడమది మూసిండు, చదివిండు:
పది తక్కువ తొమ్మిది.
ఇగ కుడిది మూయమన్న.
మూసిండు.
ఏసీ చప్పుడు ఇనవడ్డది.
పొద్దున డ్యూటీ ఉన్నది పండుకోరా
అని లైటార్పిండు.