టికే టికే

రాయగడ, జేపూరు రోడ్డు, మా సర్వీసింగు షెడ్డు.
సాహుగారి తెల్ల కారు పెళ్ళికెళ్ళాలి.

టైర్లకి మందు దట్టంగా పట్టించేశాను.
నేరేడుపండులా నిగనిగలాడింది.
కూర్మయ్య మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు:
"ఓరి దాసియా, ఇది బొమ్మ కాదురా, తిరుగుతాది.
ఎక్కువైందంతా ఎగిరి తలుపు మీద పడతాది."

స్పాంజి మీద పావలా బిళ్ళంత. టికే, టికే.
తెలుగులో చెబితే విననేమోనని
ఒడియాలో కూడా తిట్టాడు.

మళ్ళీ కడిగాం. గాడుల్లో నీటిచుక్క లేకుండా ఆరబెట్టాం.
పూసేక, బీడీ ఒకటి కాలినంతసేపు ఆగి
పాత లుంగీ ముక్కతో తుడవమన్నాడు.
పూసిందే తుడవడమేటి?
"ఉండాల్సింది ఉంటాదిలే."

బండిని నాలుగడుగులు తోశాం.
నేలకానిన చోట దాక్కున్న తడి పైకొచ్చింది.
దాన్నీ తుడిచాం.

మర్నాడు నాగావళి వంతెన దాటి
కారు తిరిగొచ్చింది.
బంతిపూల రేకులు, దుమ్ము,
ఎవరో పిల్లాడి చేతిముద్ర.
చక్రం వెనక మాత్రం
ఒక్క నల్లచుక్క లేదు.

మేస్త్రికి చూపిద్దామని తిరిగితే
పొద్దున్న జుట్టుకేసుకున్న రంగు
చెమటకి చెవి పక్కనుంచి జారి
కాలరు మీద రెండు చుక్కలు.

నేనేమీ అనలేదు.
లుంగీ ముక్క అందించాను.