నిప్పు చుట్టు, పొగ చుట్టు

ఆటోనగర్ మూడో క్రాస్‌లో
నాలుగు రోజులుగా బానెట్ మూసుకోని కారు.
నా వయసే దానికి, ఇరవై రెండు.
కంపెనీవాడు ఫోన్లోనే చేతులెత్తేశాడు:
ఆ క్యామ్ సెన్సార్ ఇప్పుడు చేయటం లేదు,
పాత స్టాకు కూడా లేదు.
బాజీ మామ ఫోన్ నా చేతికిచ్చి
"ఏమంటన్నాడే పిల్లా?" అన్నాడు.

కుడి చెవి పోయి రెండేళ్ళయింది.
ఎడమది మొహమాటానికి ఉంది.

ఒకప్పుడు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కీ
పిడి చెవికీ ఆనించి
డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పేవాడట.
ముందు కొడతంది... ఇంకాస్త వెనక్కి... ఆఁ.
ఆ "ఆఁ" కోసం
నూజివీడు నుంచీ నందిగామ నుంచీ బళ్ళు వచ్చేవట.
పక్క షెడ్డులో ముప్పయ్యేళ్ళ డెంటింగ్ సుత్తి
రోజుకింత తినేసింది దాన్ని.

తూకానికి అమ్మే తుక్కుగుట్టలో
వేరే బండిది, వేరే దేశానిది,
ఒక సెన్సార్ దొరికింది నాకు.
పాతది రెండు తీగల అయస్కాంతం,
నెమ్మదిగా తిరిగితే గొణుగుడు, జోరందుకుంటే అరుపు.
ఇది మూడు తీగలది.
కరెంటొకటి, ఎర్తొకటి, మాటొకటి.
ఉందంటే ఉంది, లేదంటే లేదు,
మధ్యలో నసగదు.

కూర్చోవాల్సిన చోట కూర్చోదుగా మరి.
లేత్ ఇస్రాయేలు అల్యూమినియం ముక్క చెక్కి
పల్లీల పొట్లంలా కాయితంలో చుట్టిచ్చాడు,
ఇంకా వేడిగానే ఉంది.
ఫీలర్ గేజ్ ఎవడో పట్టుకుపోయాడు.
డ్యాష్‌బోర్డు అరలో ఎవరిదో శుభలేఖ,
మూలన పసుపు.
రెండు మడతలు పెడితే సరిగ్గా మిల్లీమీటరు.
పంటికీ సెన్సార్‌కీ మధ్య అంతే ఖాళీ ఉండాలి.
తగలకూడదు, దూరమవకూడదు.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే
క్యామ్ తిరిగేది ఒక్కటి.
ఆ రెండిట్లో నిప్పు చుట్టేదో పొగ చుట్టేదో
కంప్యూటర్‌కి చెప్పటమే దీని ఉద్యోగం.

మేం పొగ చుట్టులో నిప్పెట్టాం.

సైలెన్సర్లోంచి ఢామ్మని పేలితే
ట్రాన్స్‌ఫార్మర్ మీది కాకులన్నీ లేచిపోయాయి,
టీ కుర్రాడు గ్లాసుల స్టాండు వదిలేశాడు.
మామ మాత్రం నవ్వాడు, చాన్నాళ్ళకి.
"ఇది వినపడిందే!"

మళ్ళీ ఊడదీయటం.
పళ్ళ చక్రం సగం చుట్టు తిప్పి బిగించటం.
మే నెల, ఏరు దాటి గాలి రాదు,
ముక్కు మీంచి జారిన చెమట
బ్యాటరీ మీద పడి చుయ్యిమంటుందేమో అనిపించింది.
టెస్టు బల్బు మాత్రం
టిక్కు టిక్కుమని వెలిగి ఆరుతోంది,
ఒక్క టిక్కు కూడా తప్పకుండా.

తాళం తిప్పాను.
అందుకుంది.
మామకి తెలీలేదు. నా మొహంలోకి చూశాడు.
తలూపాను.
అప్పుడొచ్చి ట్యాపెట్ కవరు మీద అరచెయ్యి పెట్టాడు,
జ్వరం చూసినట్టు,
కళ్ళు మూసుకుని.

"కాస్త ముందు కొడతంది."

టైమింగ్ లైటు నా చేతిలోనే ఉంది.
వెయ్యలేదు.
బ్రాకెట్ బోల్టు వదులు చేసి
వెంట్రుకవాసి వెనక్కి జరిపాను,
ఆ అరచేతి వంకే చూస్తూ.