పద్నాలుగు లేని పాచిక

ఇరవై ముఖాల ప్లాస్టిక్ పాచిక
మహేంద్రతనయ ఇసకలో జారిపోయిన సాయంత్రం
మా లోకం ఎక్కడిదక్కడే ఆగిపోయింది.
డ్రాగన్ తెరిచిన నోరు తెరిచినట్టే.
నా కత్తి సగం ఒరలో, సగం గాలిలో.

"ఇప్పుడేటి చేద్దుం?" అంది నీలవేణి.
ఆ లోకంలో వాన కురిపించేదీ, దారులు మూసేదీ తనే.
పగలు పర్లాకిమిడి కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్లో
జనం భూముల కాయితాలకు నకళ్లు తీస్తాది.
మా రూల్సు పుస్తకం పుట్టిందీ ఆ మెషీన్లోనే.
నూట పన్నెండో పేజీ నల్లగా వచ్చింది.
అందులో ఏ భూతాలున్నాయో
ఇప్పటికీ తెలీదు మాకు.

కొమ్ముపని ఉద్ధవ మహారణా గుమ్మం ఎక్కాం.
కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చెక్కే చెయ్యి.
"ఇరవై ముఖాలా? ఏ దేవుడికి?" ఒడియాలో అడిగాడు.
"దేవుడికి కాదు, ఆటకి."
"అయితే డబ్బులు ముందే ఇయ్యండి."

పదిహేను రోజులకి వచ్చింది గేదెకొమ్ము పాచిక.
కాలిన వాసన వదల్లేదు దాన్ని.
గుప్పిట్లో పెడితే
నిద్రపోతున్న పిట్టలా వెచ్చన.
డ్రాగన్ నోరు మూసుకుంది. నా కత్తి దిగింది.

ఇసాక్ రయితా మా మంత్రగాడు.
కొండమీంచి చీపుర్ల జీపులో దిగి
సవర భాషలో మంత్రం చదివితే
రైసుమిల్లు గోదాంలో ఎలకలు కూడా ఆగేవి.
ఏడాదిన్నర తరవాత చెప్పాడు నవ్వకుండా,
అది గురువారం సంతలో చింతపండు ధర అని.
అప్పటికే ఆ ధరతో
మూడు కోటలు కూల్చేశాం.

చివరికొచ్చాం. ఇనప తలుపు.
తలుపు వెనక, పేరు పలకకూడని మాంత్రికుడు.
"సరిగ్గా పద్నాలుగు పడాలి," అంది నీలవేణి,
"ఒకటి ఎక్కువైనా తెరుచుకోదు."

మూడు ఆదివారాలు వేశాం.
ఎడమచేత్తో వేశాం, కళ్లు మూసి వేశాం,
టీ కొట్టు కుర్రాడి చేత వేయించాం.
పంతొమ్మిది. రెండు. పదమూడు. పదమూడు.
కరెంటు పోయిన రాత్రి
ఫోను వెలుగులో ఇసాక్ ముఖాలు లెక్కెట్టాడు,
మళ్లీ లెక్కెట్టాడు.
పదమూడు రెండుసార్లుంది.
పద్నాలుగు లేనే లేదు.

మహారణాని అడిగితే చూపు తిప్పుకోలేదు:
"మొదటి పదమూడు బాగా కుదిరింది. చెయ్యి ఆగలేదు.
ఇటివ్వండి, గీకి దిద్దుతాను."

నేను ఇవ్వబోయాను.
నీలవేణి లాక్కుంది.
"గీకడానికి అది తప్పు కాదురా.
ఆ తలుపు వెనకోడే దాన్ని ఎత్తుకుపోనాడు.
లోకంలో ఎక్కడా లేకుండా చేసినాడు.
ఎల్దాం పదండి, ఎతుకుదాం."

అలా మొదలైంది అసలు ఆట.
పద్నాలుగో మెట్టు లేని బురుజులు ఎక్కాం.
పద్నాలుగో రోజు రాక
వెన్నెల నిండని ఊళ్లో తలదాచుకున్నాం.
పదమూడో బిడ్డ తరవాత
పదిహేనో బిడ్డని ఎత్తుకున్న రాణి
మధ్యలో ఖాళీ ఉయ్యాల ఊపుతూ ఉంటే
ముగ్గురం పాచిక ముట్టుకోలేదు ఆ పూట.

దొరికిందా అంటే, లేదు.
నీలవేణికి భువనేశ్వర్లో పనైంది.
ఇసాక్ ఇప్పుడు చర్చి లెక్కలు రాస్తాడు.
నేను ఇదే మిల్లులో గుమస్తాని.
లారీ ఎక్కే బస్తాలు లెక్కపెడుతూ
పదమూడు దగ్గర ఆగుతాను.
హమాలీ వీపు మీద డెబ్భై కిలోలతో
"ఊఁ, చెప్పండి బాబూ" అంటాడు.
నా చెయ్యి అప్పటికే
నడుం దగ్గర
కత్తి పిడి వెతుక్కుంటూ ఉంటుంది.