ఆకురాయి జారిన చోట

రాజాం బస్టాండు వెనక, పాలకొండ రోడ్డు మలుపులో
నా లేతు షాపు.
రేకుల కింద ఎండాకాలం
పదింటికే పన్నెండవుతుంది.

చెరకురసం బండి సూరీడమ్మ
గోనెసంచిలో చుట్టి తెచ్చింది ఒక ఇరుసు ముక్క.
పాతిన్ప సామాన్ల కొట్లో కిలో లెక్కన కొన్నదట,
ఏ లారీ కింద ఎన్ని ఘాట్లు ఎక్కిందో.
"మా మిషను ఇరుసు ఇరిగిపోనాది బావూ.
దీన్ని సన్నం సేసి ఇచ్చీ.
రేపు సంత."

ముందు ఆకురాయి తీశాను.
తవిటయ్య మేస్త్రి మొదటి పాఠం అదే:
టూలు వెతుక్కునే ముందు
ఇనుముని అడుగు.
మెత్తని ఇనుము ఆకురాయిని పట్టుకుంటుంది,
గరగర నాలుగు మాటలాడి పొడి రాలుస్తుంది.
ఇది పట్టుకోలేదు.
గాజు మీద గోరు జారినట్టు
సర్రున జారిపోయింది.
అరిగినవి ఆకురాయి పళ్లే.

అయినా చెయ్యి ఊరుకోదు గదా.
హైస్పీడు టూలు కట్టాను.
రెండు చుట్లు తిరిగిందో లేదో
మొన కమిలిన గోరులా నీలమైంది.
కార్బైడు కట్టాను.
అది కోసింది. నిజంగానే కోసింది.
ఎర్రగా కాలుతూ పొట్టు లేస్తుంటే
నీళ్లు పొయ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
కాలేదాని మీద నీళ్లు పోస్తే చల్లారుతుందనుకుంటాం,
కార్బైడు చల్లారదు, పగుల్తుంది.
ఇంతలో చివరి గాళ్లు వచ్చాయి.
ఉన్న ఇనుము, లేని ఇనుము,
ఉన్న ఇనుము, లేని ఇనుము,
టక్ టక్ టక్
మూల ఊడి ఎక్కడో పడింది.
నూటనలభై రూపాయలు.

"ఇంకా పదును ఎట్టాల బావూ!"
కాదమ్మా, పదునెక్కువైనదే ముందు విరుగుతుంది,
గట్టిదాని ముందు అంచు కాస్త మొద్దుగా ఉండాలి,
టూలు మెడ పొట్టిగా బిగించాలి
అని చెప్పబోతే
నా గొంతులోంచి తవిటయ్య మేస్త్రి దగ్గాడు.
ఊరుకున్నాను.

సొరుగులో ఒక బామ్ డబ్బా ఉంది.
దూది మీద నల్లటి బోరాన్ బిళ్ల,
వజ్రానికి తమ్ముడి వరస.
మూడు మూలలు మేస్త్రివే, అరిగిపోయాయి.
నాలుగోది నాకొదిలాడు.
అది సూరీడమ్మకి వారం రోజుల రసం.
పైగా నా లేతు ముసలిది, బెడ్డు అరిగి వణుకుతుంది.
వణికే చేతిలో దాన్ని పెడితే
రెండో చుట్టుకి పిండి.
మూత పెట్టేశాను.

చాలాసేపు ఇరుసుని ఊరికే చూశాను.
అప్పుడు కనిపించింది, విరిగిన చివర:
చుట్టూరా పెసరబద్దంత మందాన తెల్లటి మెరుపు,
లోపలంతా బూడిదరంగు, ముతక.
తోలుదే మొండితనమంతా.

చేతి గ్రైండరుని టూలు పోస్టుకి
చెక్కముక్కతో, సైకిలు ట్యూబుతో కట్టాను
(మేస్త్రి చూస్తే చెంప పగిలేది).
రాతిపొడి బెడ్డు మీద పడకుండా
ఆవిడ గోనెసంచే తడిపి పరిచాను.
ముప్పై రూపాయల రాతిచక్రం.
వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత.
రెండింటికి కరెంటు పోయింది,
నాలుగింటికి వచ్చింది.
మధ్యలో ఆవిడ వెళ్లలేదు.

"సౌండు మారిపోనాది, ఆపు."
నాకేం మారలేదు. ఇంకోసారి తోశాను.
"ఆపు బావూ! కణుపు దాటిన సెరుకు
ఇలగే మాటాడతాది."
చక్రం ఆపి ఆకురాయి పెట్టాను.

పట్టుకుంది.

ఆ తర్వాత పనంతా పొద్దుటి నీలిమొన టూలుదే,
సానబట్టి మళ్లీ కడితే
జిలేబీ చుట్టల్లా పొట్టు దిగింది.
నూటనలభై సంగతి నేనెత్తలేదు.
"రేపట్నుంచి రోజుకో గలాసు, అల్లం ఏసి"
అని తనే లెక్క తేల్చి, తడిసంచి పిండుకుని,
ఇరుసు భుజానేసుకుని వెళ్లిపోయింది.

ఆకురాయి మీద పొద్దున జారినచోట
వేలెడు మేర నున్నగా మెరుస్తోంది.
ఆ చోటింక దేన్నీ అడగలేదు.
పారెయ్యలేదు.
పక్కచోటు ఇంకా ఉంది.