మోరీ కింది దారి

లాప్‌టాప్ తెరమీద నాలుగు రంగుల పటం.
ఎరుపు అంటే ముప్పు ఎక్కువ.
పసుపు అంటే ఇంకా చెప్పలేం.
ఆకుపచ్చ, మక్తల్‌కు ఉత్తరాన
ఎవరో చెయ్యి కడుక్కుని విదిలించినట్టు
పదకొండు మరకలు.
నాలుగోది బూడిద రంగు: సమాచారం లేదు.

రెవెన్యూ కాగితంలో ఈ నేల బంజరు.
కుర్వ తాయప్ప నోట గైరాన్.
నా పట్టికలో తోడేలు ఆవాసం, తునక నంబరు ఆరు.
ఏ పేరుతో పిలిచినా
కంచె స్తంభాలకు గుంతలు తవ్వుతూనే ఉన్నారు.

ముప్పుకు మార్కులు వెయ్యడం నా పని.
రోడ్డు వెడల్పుకు నాలుగు,
సోలార్ పలకలకు నాలుగు,
గులాబీ జెండాలు కట్టిన ప్లాట్ల రాళ్ళకు మూడు,
రాళ్ళున్నాయి కానీ ఇళ్ళింకా రాలేదు కదా అని.
ఊరకుక్కలకు ఐదు వేశాను,
అందులో ఒకటి
నా బిస్కెట్ పొట్లం వాసనకి వెంటే నడుస్తుంటే.

"ఏం లెక్కలు బిడ్డా?"
గొంగడి కింద నుంచి తాయప్ప.
తోడేళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో చూస్తున్నానన్నాను.
పైసలు కొన్నే ఉన్నాయి,
ఏ తావు ముందు కాపాడాలో చెప్పాలన్నాను.
చాలాసేపు గొర్రెల వైపే చూశాడు.
"ఏడాదికి రెండు పిల్లలు దానివి.
నేను లేవనుకునే ఉంట.
దారి ఉంటే తీస్కపోతది, తన దారిన తను పోతది.
దారి మూసినవనుకో, ఈడనే కూసుంటది.
రెండు ఇరవై అయితయ్."

నేను చదివిన వాటిలో
పిల్లల్ని పోగొట్టుకునేవాడి వైపు నుంచి
ఈ మాట ఎవరూ రాయలేదు.
లేదా రాసిన పేజీని
నేనే తిప్పేశానేమో.

వాగులోకి దిగాం. ఎండిన వాగు,
పైన లారీలు.
రోడ్డు కింద మూడు తూముల మోరీ.
రెండు ఇసుకతో పూడిపోయాయి.
మూడోదాంట్లో సిమెంటు సంచులు,
ఏ పెళ్ళివో థర్మాకోల్ పళ్ళేలు,
ఎడమకాలి చెప్పు ఒకటి.
ఆరిన ఒండ్రు మీద గోళ్ళ గుర్తులు
తూము నోటిదాకా వచ్చి
ఒకచోట తచ్చాడి
గట్టెక్కి రోడ్డు మీదికి పోయాయి.
తారు మీద నల్లటి మరక ఉంది.
అది దేనిదని నేను అడగలేదు.
తాయప్ప కట్టెతో ఒక సంచిని పొడిచి చూశాడు.
కదల్లేదు.

నా పటంలో ఒక్కో గడి ముప్ఫై మీటర్లు.
తూము, మనిషి నడుం వంచితే పట్టేంత.
అది బూడిద రంగులో కూడా లేదు.

రాత్రి మక్తల్ లాడ్జిలో
ఆ ఒక్క దాటు తీసేసి లెక్క నడిపాను.
పదకొండు తునకలు
ఇటు ఏడు, అటు నాలుగు అయ్యాయి.
మళ్ళీ పెట్టాను. పదకొండు.
తీశాను. ఏడు, నాలుగు.
కరెంటు పోయి ఫ్యాను ఆగింది,
చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది,
నేను చిన్నపిల్లలా
పెడుతూ తీస్తూ కూర్చున్నాను.

ప్రాధాన్యం ఒకటి: మోరీ.
విస్తీర్ణం, హెక్టార్లలో: సున్నా.
ఫారం సున్నాని ఒప్పుకోలేదు.
"గుట్ట రాయండి మేడమ్," అన్నారు ఆఫీసులో,
"గుట్టయితే ఫొటో కూడా బాగొస్తుంది."
గుట్ట రెండో వరుసలో ఉందన్నాను.
మొదటి వరుసలో సున్నా పాయింటు సున్నా ఒకటి కొట్టి
పంపేశాను.
జవాబు రాలేదు. చైత్రం పోయింది,
రోహిణి ఎండలు పోయాయి.

మిరుగు దాటాక ఫోను.
"సంచులు గుంజి పడేసిన బిడ్డా.
మనవడు లోపటికి దూరిండు, వాడైతే సన్నగుంటడు.
ఇసుకకు ట్రాక్టరు కావాలె,
డీజిల్ పైసలు ఎవరి నడగాలె?"
నా దగ్గర జవాబు లేదు.
అవతల వాన చప్పుడు, గొర్రెల చప్పుడు.

"మొన్న ఒక పిల్ల పోయింది," అన్నాడు.
కోపం లేదు. సంతోషమూ లేదు.
ఎటు పోయింది తోడేలు, అన్నాను,
చేతిలోకి పెన్ను ఎప్పుడొచ్చిందో తెలీదు.

"అవుతలికి."